వెనకవీధి పేర్లు

మా నాన్న ఎగ్బర్ట్‌కి డెబ్బై తొమ్మిదో ఏట చూపు పోయింది. పూర్తిగా కాదు. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. రెండువేల ఆరు మే నెలలో, వానలు పట్టుకున్న వారంలో, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇస్మే, మనవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టమ్మా. రోజూ కాసేపు చదివి వినిపిద్దువుగాని. మొహాలు ఎలాగూ కనబడవు. పేర్లన్నా వింటా."

నేను అంతకు ముందు ఏడే మా ఊరి బడిలో టీచరుగా రిటైరయ్యాను. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. వానకి బయటికి పోయే పని కూడా లేదు. ఒక పెద్ద డ్రాయింగు కాగితం భోజనాల బల్ల మీద పరిచి వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. నేను గీస్తుంటే నాన్న పేర్లు చెప్పేవాడు, ప్రతి పేరుకీ ఏదో ఒకటి తగిలించేవాడు.

"మీ అమ్మ పెదనాన్న ఒబదయా. పక్కనే తాగుబోతు అని రాయి."

"అలా రాస్తారా నాన్నా?"

"రాయకపోతే ఏ ఒబదయా అని అడుగుతారు. ఊళ్లో ముగ్గురుండేవాళ్లు. ఇద్దరు మంచోళ్లే పాపం."

మూడో రోజుకి ఆయన సొంత కొమ్మ దగ్గరికి వచ్చాం. తాత నథానియేల్, నాయనమ్మ రెబెక్కా. తాత నాకు బాగా గుర్తే. మా ఊరు బెటర్‌రెస్ట్‌ని ఆనుకుని ఉన్న లూయీజా చెరకుతోటలో తూము కాపరిగా చేసేవాడు. మాట తక్కువ మనిషి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొడవలి పట్టుకుని శ్మశానానికి పోయి గడ్డి కోసి వచ్చేవాడు. అదొక అలవాటు అనుకునేదాన్ని.

"వాళ్లకి నువ్వొక్కడివేనా నాన్నా?"

"ఒక్కణ్నే" అన్నాడు. వెంటనే, "టీ పెట్టమ్మా, గొంతు ఎండిపోతోంది" అన్నాడు.

నాయనమ్మ తల్లి ఎప్పుడు పోయిందో నాన్న చెప్పలేకపోయాడు. చర్చి రిజిస్టర్లో ఉంటుంది కదా అని వాన తెరిపివ్వగానే గొడుగేసుకుని వెళ్లాను. చర్చి పెద్ద లాంబర్ట్ గారు బీరువా తాళం తీసి పాత పుస్తకాలు బయటపెట్టారు.

"చేతులు తుడుచుకో టీచరమ్మా. ఆ కాగితానికి తడి తగిలిందంటే నీ వంశం నీ చేతిలోనే పొట్టుగా ఊడొస్తుంది" అన్నారు.

ఖననాల పుస్తకంలో ముత్తవ్వ పేరు అరగంటలోనే దొరికింది. లవీనియా, యాభై ఎనిమిదేళ్లు, వెనకవీధి. 1932 జనవరి పద్దెనిమిది. రాసుకుని పుస్తకం మూసేయబోతుంటే కింది వరస కంటబడింది. ఐవీ, మూడేళ్లు, వెనకవీధి. తండ్రి నథానియేల్, తూము కాపరి.

ఆ వరసనే మళ్లీ మళ్లీ చదివాను. తర్వాత పైకీ కిందికీ చూశాను. అదే తేదీ. ఆ మర్నాడు. ఆ మూడో రోజు. మూడు రోజుల్లో పద్నాలుగు మంది. అందరూ వెనకవీధివాళ్లే. ఏడుగురు పదేళ్ల లోపు పిల్లలు. మరణకారణం అన్న గడిలో మొదటి పేరుకి ఎదురుగా 'వరద' అని ఉంది. దాని కింద పదమూడు సార్లు 'పై మాదిరే' అని ఉంది.

"ఇదేంటి లాంబర్ట్ గారూ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "వరదలు రావడం మనకి కొత్తా?" అన్నారు. మా తీరం సముద్రం కంటే పల్లం. కరకట్టలూ తూములూ లేకపోతే మేము లేము. కానీ ముప్పై మూడేళ్లు మా ఊరి పిల్లలకే పాఠాలు చెప్పాను, ఆ వరద సంగతి ఒక్కరి నోటా వినలేదు.

ఇంటికొచ్చి గొడుగు కూడా మడవకుండా అడిగాను. "నాన్నా, ఐవీ ఎవరు?"

నాన్న వరండాలో ఊగే కుర్చీలో ఉన్నాడు. కుర్చీ ఆగింది.

"కాలవలో నీళ్లెంత దాకా వచ్చాయో చూసిరా" అన్నాడు.

"ఐవీ నీ చెల్లెలు కదూ?"

"చూసిరమ్మన్నానా లేదా?"

ఆయన నా మీద గొంతు పెంచింది అదే మొదటిసారి. వెళ్లి చూసొచ్చాను. అప్పటికే లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఊళ్లో ఆనాటి మనుషులెవరైనా మిగిలి ఉంటే అడిలైడ్ అవ్వ ఒక్కతే. ఎనభై అయిదేళ్లు. మర్నాడు ఉప్పుచేప కూర గిన్నెలో పెట్టుకుని వెళ్లాను. గుమ్మంలో కూర్చుని అలసందలు ఒలుచుకుంటోంది.

"బడిలో పిల్లల్ని బాది బాది అలిసిపోయి, ఇప్పుడు చచ్చినోళ్ల మీద పడ్డావంట?"

"ఎవరు చెప్పారవ్వా?"

"లాంబర్ట్ నోట్లో నువ్వుగింజ నానుతుందా? కూర్చో. ఊరికే కూర్చోకు, రెండు కాయలు ఒలువు."

ఒలిచాను. ఆమె తొందరపడలేదు. గిన్నె మూత తీసి కూర వాసన చూసింది, మిరపకాయ తక్కువైందంది. తర్వాత తలెత్తకుండా చెప్పింది.

"తొమ్మిది రోజులు వాన. తోటలో చెరకు మొదలంటా మునిగింది. ఊరికీ తోటకీ మధ్య గట్టుంది కదా, దానికొక తూము. ఇనప చక్రం తిప్పితే తలుపు లేస్తది. ఆ తలుపు ఎప్పుడూ తియ్యకూడదు. తీస్తే తోట నీళ్లన్నీ ఊరి మీదికే. ఆదివారం పొద్దున జనం చాలామంది చర్చిలో ఉన్నారు. తోట మేనేజరు గుర్రమేసుకుని వచ్చి మీ తాతని తియ్యమన్నాడు. రెండు గంటలే అన్నాడంట. మధ్యాహ్నానికి పాటు వస్తది, సముద్రం వెనక్కి పోద్ది, కరకట్టకున్న సముద్రపు తలుపు ఎత్తేద్దాం, నీళ్లన్నీ పోతాయి అన్నాడంట. మీ తాత తీశాడు."

"మరి?"

"పాటు రాలే. గాలి సముద్రం వైపు నుంచి తోసింది. పోటు తగ్గందే సముద్రపు తలుపు ఎట్టా ఎత్తుతారు? అప్పుడు మధ్యగట్టు తూము మూసేద్దామని చూశారు. నీటి తోపుడికి అది దిగలే. మీ తాత నీళ్లలోకి దూకి భుజాలతో నెట్టాడంట. వెనకవీధి పల్లం కదా. ఇళ్లు చూరు దాకా మునిగాయి. మీ ఐవీని చర్చికి తీసుకెళ్తే ఏడుస్తదని అమ్మమ్మ లవీనియా దగ్గర వదిలారు."

నా ఒళ్లో అలసందలు అలాగే ఉండిపోయాయి.

"ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదా అవ్వా?"

"ఎవర్నంటారు? తోటనంటే కూడు పోద్ది. జార్జ్‌టౌన్ నుంచి సర్కారు దొర వచ్చి వాన ఎక్కువైందని రాసుకుని పోయాడు. నథానియేల్‌ని అందామంటే వాడు బిడ్డని భుజాన వేసుకుని గొయ్యి తవ్వుతున్నాడు. తన బిడ్డదే కాదు, పద్నాలుగూ తనే తవ్వుతానన్నాడు. ఎవర్నీ పార ముట్టనివ్వలే. ఇంకేమంటారు? 'వాడు తియ్యకపోతే ఇంకొకడు తీసేవాడు' అనేది మా అమ్మ. 'ఇంకొకడు తీసుంటే బాగుండేది' అనేవాడు మా నాన్న. అంతే. ఆ తర్వాత ఎవరూ ఎత్తలే."

ఇంటికి వచ్చాక బల్ల మీది డ్రాయింగు కాగితం దగ్గర నిలబడ్డాను. ఐవీ పేరు రాసి, ఇంక ఆ కాగితంలో ఏమీ రాయలేకపోయాను. ముత్తవ్వ, ఐవీ పోను మిగతా పన్నెండు మందికి అందులో చోటు లేదు. కాగితం చుట్టి బీరువా పైన పడేసి, ఒక కొత్త నోటుపుస్తకం తీశాను. ఒక్కో పేజీకి వెనకవీధిలో ఒక్కో ఇల్లు. ఎవరుండేవాళ్లు, ఏం చేసేవాళ్లు, ఆ రోజు ఎవరు పోయారు, మిగిలినవాళ్లు ఎక్కడికి పోయారు.

జూన్ అంతా ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మోకాలి లోతు బురదలో తిరిగాను. కొందరు టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఒకాయన "మా తాత చెల్లెలు ఉండేదని నువ్వు చెప్తేనే తెలిసింది టీచరమ్మా" అని ఏడ్చేశాడు. ఇంకొకావిడ, "ఇప్పుడు తవ్వి ఎవర్ని లేపుతావు?" అంది.

హయసింత్ అక్క మాత్రం గుమ్మం దిగలేదు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చర్చిలో ఇద్దరం పక్కపక్కన నిలబడి పాడేవాళ్లం. వాళ్లమ్మ ఇంట్లోనే నలుగురు పోయారు: తల్లి, ముగ్గురు తోబుట్టువులు. చూరు పట్టుకుని వేలాడిన వాళ్లమ్మ ఒక్కతే మిగిలింది.

"ఏం రాసుకుంటున్నావు?" అంది.

"వెనకవీధివాళ్ల సంగతులక్కా. మీ అమ్మ వాళ్లవి..."

"మా అమ్మ ఏడుపు ఇంకా రాయాలా? మీ ఇంట్లో అడుగు. మీ ఇంట్లోనే తెలుసు అంతా."

తలుపు వేసేసింది. తలుపు అవతల నుంచి ఆమె రొట్టెలు కాల్చే వాసన వస్తూనే ఉంది.

నాన్నతో నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ నేనెక్కడికి పోతున్నానో ఆయనకి తెలుసు. సాయంత్రాలు నా చెప్పుల చప్పుడు వినబడగానే, "ఇవాళ ఎవరింటికి?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. తల ఊపేవాడు. ఒకరోజు నేను ఇంటి పేరు చెప్పకముందే, "గ్రాంట్ వాళ్లింట్లో రెండు మేకలుండేవి. అవి కూడా పోయాయి. రాశావా?" అన్నాడు. రాసుకున్నాను.

జూలై మొదటి శనివారం చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. ఆ పద్నాలుగు పేర్లతో శ్మశానంలో ఒక రాతిపలక పెట్టాలని లాంబర్ట్ గారే అన్నారు. నాన్న కూడా వస్తానన్నాడు. తెల్ల చొక్కా తీయించి వేసుకున్నాడు. నా భుజం పట్టుకుని నడిచొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

పలక మీద ఏం రాయాలన్న దగ్గర మాట ఆగింది. "1932 వరదలో మరణించినవారు అని రాస్తే సరిపోతుంది" అన్నారు లాంబర్ట్ గారు.

హయసింత్ అక్క లేచింది. "వరద దానంతటదే నడిచొచ్చిందా?"

ఆమె నన్నే చూస్తోంది. "నోటుపుస్తకం నిండా రాశావు కదా టీచరమ్మా. ఆ ఒక్క ముక్కా రాశావా, లేదా?"

రాశాను. కానీ నాన్న ఎదుట, అంతమందిలో, ఆ మాట పైకి అనలేకపోయాను. బెంచీ కిర్రుమంది. నాన్న లేచి నిలబడ్డాడు. ఎటు తిరగాలో తెలియక కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు.

"మధ్యగట్టు తలుపు తీసింది మా నాన్న నథానియేల్. తియ్యమన్నది తోట మేనేజరు. రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి మానెయ్యకండి."

"కూర్చో ఎగ్బర్ట్ బాబాయ్" అన్నారెవరో.

"ఈ మాటకి డెబ్బై నాలుగేళ్లు పట్టింది" అంది హయసింత్ అక్క. గొడుగు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ ఈ మాట వినకుండానే పోయిందన్న సంగతి హాల్లో ఉన్న అందరికీ తెలుసు.

మేము తిరిగొస్తుంటే సన్నగా తుంపర. గొడుగు నాన్న మీదికి పట్టి నేను తడుస్తున్నాను. చిన్న వంతెన దగ్గర ఆగాడు.

"అంతా చెప్పలేదమ్మా నేను."

"చాలు నాన్నా. చెప్పాల్సింది చెప్పావు."

"ఆ రోజు నన్ను కూడా చర్చికి తీసుకెళ్లలేదు. అల్లరి చేస్తానని నాన్న తనతో తూము దగ్గరికి తీసుకెళ్లాడు. తలుపు ఎన్నాళ్లుగానో తియ్యలేదు కదా, చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నాన్న రెండు చేతులా పట్టి లాగుతున్నాడు. రావట్లే. మేనేజరు గుర్రం మీంచి అరుస్తున్నాడు. 'నువ్వూ పట్టరా' అన్నాడు నాన్న. పట్టాను. తిరిగింది."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అయిదేళ్ల పిల్లాడి బలమెంత నాన్నా? నువ్వు పట్టకపోయినా తిరిగేది."

"ఏమో. నేను పట్టాకే తిరిగింది." నీటి చప్పుడు వైపు తిరిగి అన్నాడు: "నీళ్లు దూకుతుంటే చప్పట్లు కొట్టాను. అంత నీరు అంత జోరుగా పోవడం ఎప్పుడూ చూళ్లేదు. నాన్న నన్ను చూసి నవ్వాడు కూడా. ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు."

తర్వాత నడుద్దామన్నాడు. నడిచాం. ఇంటికొచ్చాక చొక్కా విప్పి నా చేతికిచ్చి, "మీ అమ్మకి కూడా చెప్పలే" అన్నాడు. ఆకలిగా ఉందన్నాడు. వేపిన అరటికాయ, అన్నం పెడితే మారు అడిగి తిన్నాడు.

వానలు వెనకపట్టాక, ఆగస్టు రెండో వారంలో నాన్నకి జ్వరం తగిలింది. మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం నేను గ్లాసులో నీళ్లు తేవడానికి వెళ్లి వచ్చేసరికి అయిపోయింది. ఊరంతా వచ్చారు. అడిలైడ్ అవ్వని కుర్చీలో మోసుకొచ్చారు. హయసింత్ అక్క రాలేదు. ఆ ఆదివారం చర్చిలో నా పక్కనా నిలబడలేదు. చివరి వరసలోకి మారిపోయింది.

పలక నవంబరులో పెట్టారు. నాన్న చెప్పిన రెండు వాక్యాలూ పద్నాలుగు పేర్ల కింద చెక్కించారు. నా నోటుపుస్తకం నలభై పేజీల పుస్తకమైంది. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ పట్నంలో నూట యాభై కాపీలు అచ్చు వేయించాను. ఇళ్లు, వాటిలో మనుషులు, గ్రాంట్ల మేకలు, తూము, పాటు రాకపోవడం, అన్నీ అందులో రాశాను. చక్రం మీద రెండో జత చేతుల సంగతి రాయలేదు. అది రాస్తే చరిత్ర అవుతుందా, నాన్నకి ద్రోహం అవుతుందా అన్నది తేల్చుకోలేకపోయాను. ముప్పై కాపీలు ఊళ్లో పంచాను. హయసింత్ అక్క ఇంటి గుమ్మంలో ఒకటి పెట్టి వచ్చాను.

పది రోజులకి, డిసెంబరు చిరువానలో, ఆమె మా వరండా మెట్లెక్కింది. చేతిలో నా పుస్తకం. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఇందులో మీ నాన్న పుట్టింది ఇరవై ఆరులో అని రాశావు. అంటే అప్పటికి అయిదేళ్లు. వరద రోజు మిగతా పిల్లలందరూ ఎవరెవరు ఎక్కడున్నారో రాశావు. ఆయన ఎక్కడున్నాడో రాయలే."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరిపాను.

"ఎక్కడున్నాడు?"

"తూము దగ్గర" అన్నాను. "చక్రం రాకపోతే వాళ్ల నాన్న పట్టమన్నాడు. పట్టాడు. తిరిగింది."

ఆమె గొడుగు అంచు నుంచి నీళ్లు వరండా చెక్కల మీద కారుతున్నాయి. గొడుగు మూసి గోడకి ఆనించడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. తర్వాత కూర్చుంది.

"అయిదేళ్లకే?"

"అయిదేళ్లకే."

"నీకెప్పుడు చెప్పాడు?"

"మీటింగ్ నుంచి వస్తుంటే. ఇంకెవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా."

ఆమె పుస్తకం తెరిచి ఒక పేజీ తిప్పి నా ముందు పెట్టింది. వాళ్లింటి పేజీ. "మా చిన్న మావయ్య పేరు తప్పు. సిల్వెస్టర్ అని వేశావు. వాడు సిల్వానస్."

"రిజిస్టర్లో అలాగే ఉందక్కా."

"రాసింది అప్పటి తెల్ల పాస్టరు. ఏడుస్తూ చెప్పింది మా అమ్మ. ఆయనకి ఏం వినబడిందో అది రాసుకున్నాడు. సిల్వానస్. కలం ఇటివ్వు."

ఇచ్చాను. తన కాపీలో ఆ పేరు కొట్టేసి పైన గుండ్రంగా రాసింది. పలక మీద కూడా ఆ తప్పే చెక్కి ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"ఇంకా ఎన్నున్నాయి నీ దగ్గర?"

"నూట ఇరవై."

"తీసుకురా."

రెండు కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఒక కట్ట తన వైపు లాక్కుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి, తప్పు పేరు కొట్టేసి, సరైన పేరు రాస్తూ పోయాం. వాన పెద్దదైంది. టీ పెట్టనా అంటే వద్దంది. సగం కట్ట అయ్యాక ఆమె చెయ్యి ఆగింది.

"వీడికీ అయిదేళ్లే" అంది, సిరా ఆరని ఆ పేరునే చూస్తూ. "వీడూ మీ నాన్నా బడిలో ఒకే పలక మీద రాసేవాళ్లని అమ్మ చెప్పేది."

ఇంకో పుస్తకం తీసుకుంది.